తిరుగుడు మానిన డిస్కు

యూనియన్ కార్యదర్శి మొన్న నా గదికొచ్చి, "అన్నా, సావనీరుకు నీదొక సైన్సు వ్యాసం కావాలి. కాని ఆర్ట్సువాళ్లు కూడా చదివేట్టుండాలి" అన్నాడు. నేను చేసే పరిశోధన గురించి రాస్తే మా గైడుగారు తప్ప ఇంకెవరూ చదవరు. ఆయనైనా చివరిదాకా చదువుతారని నమ్మకం లేదు. కనుక గత మూడేళ్లుగా హాస్టల్లో నాకు అంటుకున్న ఒక చేతిపని గురించి రాస్తున్నాను. పాత ల్యాప్‌టాప్‌లోని హార్డ్ డిస్కును ఊడదీసి, దాని స్థానంలో ఎస్.ఎస్.డి. అనే వేగమైన డిస్కు పెట్టడం ఆ పని. ఇప్పటికి పదకొండు యంత్రాలకు చేశాను. పది బాగానే అయ్యాయి. ఒకదాని సంగతి చివర చెబుతాను, దాచను.

నా ల్యాప్‌టాప్ మా అన్నయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2014లో కొన్నది. వాడి వాడి నాకిచ్చాడు. 2022 నాటికి దాని పరిస్థితి ఏమిటంటే, పొద్దున్నే బటన్ నొక్కి, స్నానం చేసి, మెస్సులో ఇడ్లీలు తిని వచ్చేసరికి తెరమీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఇది కొంచెం అతిశయోక్తే లెండి. గడియారం పెట్టి చూస్తే అయిదు నిముషాల నలభై సెకన్లు. రిపేరు షాపుకు తీసుకెళితే అక్కడి కుర్రవాడు మూతైనా తీయకుండా, "పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి. నలభై వేలల్లో వచ్చేస్తుంది" అన్నాడు. అప్పటికి ఫెలోషిప్పు డబ్బు కళ్లజూసి నాలుగు నెలలైంది. నలభై వేలు కాదుకదా, నాలుగు వేలకే తడుముకుంటున్న రోజులవి.

అసలు జబ్బెక్కడుందో చూద్దామని కూర్చున్నాను. విండోస్‌లో ఏ భాగం ఎంత పని చేస్తున్నదో చూపే టాస్క్ మేనేజర్ అని ఒకటుంది. అది తెరిస్తే ప్రాసెసరు పదిశాతం కూడా పని చేయడం లేదు. డిస్కు మాత్రం నూటికి నూరుశాతం ఊపిరాడకుండా ఉన్నది. అంటే వంటాయన పొయ్యి దగ్గర ఖాళీగా కూర్చున్నాడు, సరుకులకని బజారుకు వెళ్లినవాడు తిరిగి రాలేదన్నమాట. వంటాయన్ని మార్చి ప్రయోజనమేముంది?

హార్డ్ డిస్కు లోపల నిజంగానే పళ్లెం ఉంటుంది. అద్దంలా మెరిసే ఆ పళ్లెంమీద అయస్కాంతపు పూత, దానిపైన కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఒక చిన్న చదివే తల. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా నిముషానికి 5400 చుట్లు తిరుగుతాయి. లెక్క కట్టండి: ఒక చుట్టుకు 11.1 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సమాచారం ఒక్కోసారి తలకిందే ఉంటుంది, ఒక్కోసారి అప్పుడే దాటిపోయి ఉంటుంది. సగటున అర చుట్టు ఆగాలి. జాతరలో రంగులరాట్నం దగ్గర నిలబడి, మనవాడెక్కిన గుర్రం ఎదురుగా వచ్చేదాకా చూడటం వంటిదే. దానికి ముందు తల అడ్డంగా జరిగి సరైన వలయం మీదికి చేరాలి. దానికి సుమారు 12 మిల్లీసెకన్లు. రెండూ కలిస్తే ఇంచుమించు 18 మిల్లీసెకన్లు.

పద్దెనిమిది మిల్లీసెకన్లంటే రెప్పపాటు కూడా కాదు కదా అనిపిస్తుంది. కాని కంప్యూటరు లేవాలంటే డిస్కులో చెల్లాచెదురుగా ఉన్న వేలకొద్దీ చిన్న ముక్కల్ని ఏరుకురావాలి. పదివేల ముక్కలనుకుందాం. పదివేలను 18తో గుణిస్తే 180 సెకన్లు, అనగా మూడు నిముషాలు. ఇంకా ఏ పనీ మొదలుకాలేదు, వెదుకులాటకే ఇంత. నా అయిదు నిముషాల నలభై సెకన్ల రహస్యం ఇదే.

ఈ తిరిగే పళ్లెం వంశానికి మూలపురుషుడు 1956లో పుట్టాడు. ఐ.బి.ఎం. వారి రామాక్ యంత్రానికి జతచేసిన 350 అనే డిస్కు అది. 24 అంగుళాల పళ్లేలు 50, నిముషానికి 1200 చుట్లు, మొత్తం కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి సెల్‌ఫోన్ ఫోటో ఒకటి అందులో ఇమడటమే కష్టం. దానిలో ఒక సంగతి వెదికి పట్టడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. ఇప్పుడు నా 500 గిగాబైట్ల డిస్కును దాని పక్కన పెట్టి చూడండి. నిల్వ లక్ష రెట్లు పెరిగింది. వెదికే కాలమో, ముప్ఫై మూడు రెట్లే తగ్గింది. గోదాము ఊరంత అయింది, తలుపు దగ్గర మాత్రం పాత కూలివాడొక్కడే ఉన్నాడు. ఇనుముకు, మోటారుకు, గాలికి ఉన్న హద్దులు అవి. ఇంజనీర్లను తప్పుపట్టలేం.

ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. అంతా సిలికాన్. 1967లో బెల్ ల్యాబ్స్‌లో దవన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఒక ట్రాన్సిస్టరు మధ్యలో, చుట్టూ విద్యుత్తు చొరబడని పొరతో, ఒక ద్వీపంలాంటిదాన్ని పెట్టవచ్చునని చూపించారు. దానిలోకి ఎలక్ట్రాన్లను ఎక్కిస్తే కరెంటు తీసేసినా అవి బయటికి పోలేవు. ఉన్నాయా లేవా అన్నదే మనకు ఒకటీ, సున్నా. ఎలక్ట్రాన్లు ఆ గోడ దాటేది మన ఎమ్.ఎస్‌సి. క్వాంటం మెకానిక్స్ పేపరులో భయపెట్టే టన్నెలింగ్ అనే పద్ధతిలోనే. పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరాదని మేమంతా తిట్టుకున్న పాఠం అది. తరువాత జపానులో తోషిబా కంపెనీకి చెందిన ఫుజియో మసువొకా 1984లో ఫ్లాష్ మెమొరీని, 1987లో నాండ్ అనే దాని రకాన్ని లోకానికి వెల్లడించాడు. మన పెన్‌డ్రైవులూ, ఫోన్లూ, ఈ ఎస్.ఎస్.డి.లూ ఆ నాండ్ సంతానమే.

ఇక్కడ వెదకడమంటే చిప్పులో ఒక చిరునామాకు కరెంటు పంపడమే. పదోవంతు మిల్లీసెకను చాలు. 18 ఎక్కడ, 0.1 ఎక్కడ! పెద్ద సినిమా ఫైలొకదాన్ని వరుసగా చదివేటప్పుడు తేడా అయిదు రెట్లే: పాతది సెకనుకు 100 మెగాబైట్లు, కొత్తది 500 పైచిలుకు. చిన్న ముక్కల దగ్గర తేడా నూటఎనభై రెట్లు. కంపెనీలు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చేసేది మొదటి సంఖ్య. మనకు సుఖమిచ్చేది రెండోది.

కొనేముందు చూడవలసినవి ఎక్కువేం లేవు. పాత ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల సాటా డిస్కు ఉంటే అదే కొలత, అదే కనెక్టరుగల సాటా ఎస్.ఎస్.డి. సరిపోతుంది. పాత డిస్కు మందం 9.5 మిల్లీమీటర్లయి, కొత్తది 7 అయితే లోపల కొద్దిగా వదులుగా ఉంటుంది. ఒక ప్లాస్టిక్ చట్రం పెడితే సరి. కొంచెం కొత్త యంత్రాల్లో చూయింగ్ గమ్ బిళ్లలా సన్నటి ఎమ్.2 రకం పడుతుంది. దానిలో సాటా, ఎన్.వి.ఎమ్.ఇ. అని రెండు జాతులున్నాయి. చూపుకు కవలల్లా ఉంటాయి, ఒకటి పట్టేచోట రెండోది పనిచేయకపోవచ్చు. మీ మోడల్ నంబరుతో సరిచూసుకోకుండా డబ్బివ్వకండి.

నేను సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి 480 గిగాబైట్లది ఒకటి మూడువేల చిల్లరకు తెచ్చుకున్నాను. పాత డిస్కును యథాతథంగా కొత్తదానికి నకలు తీసే క్లోనెజిల్లా అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో వేసుకుని కూర్చుంటే, అది మొరాయించింది. ఎందుకయ్యా అంటే పాతది 500, కొత్తది 480! ఇరవై తక్కువ. పాత డిస్కులో నిండినది 200 కూడా లేదు, అయినా దానికి పాత్ర కొలతే ముఖ్యం, నీళ్లెన్ని ఉన్నాయని చూడదు. విండోస్‌లోనే ఉన్న సాధనంతో డిస్కు చివరి భాగాన్ని కుదించి, ఆ తరువాత కొలత పట్టించుకోవద్దని దానికి చెప్పి నకలు తీయవలసివచ్చింది. ఈ గొడవకు ఒక రాత్రి పోయింది. మీరు 500 గిగాబైట్లదే కొనుక్కోండి.

ఊడదీసి బిగించడం పావుగంట పని. కరెంటు తీగ పీకి, బ్యాటరీ తీసేయాలి. బ్యాటరీ లోపలే ఉంటే మూత తీయగానే మొదట దాని కనెక్టరు విప్పాలి. ఏదైనా ఇనుప వస్తువును ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోతుంది. స్క్రూలు అన్నీ ఒకే పొడవుండవు. పొట్టిదానిచోట పొడుగుది బిగిస్తే అడుగున ఉన్నదాన్ని పొడుస్తుంది. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెడతాను నేను. డిస్కును పైకి లాగకూడదు. కనెక్టరుకు దూరంగా పక్కకు జరపాలి. దాని ఇనుప చట్రాన్ని విప్పి కొత్తదానికి తొడిగి, అలాగే లోపలికి జరిపితే టక్కుమని కూర్చుంటుంది.

ఆ రోజు బటన్ నొక్కితే ఇరవైనాలుగు సెకన్లలో లేచింది. నా రూమ్మేటు నమ్మక మళ్లీ ఆపించి మళ్లీ చూశాడు. అయితే ఒక మాట. నా లెక్కల ప్రోగ్రాము ముందు ఎంతసేపు నడిచేదో ఇప్పుడూ అంతసేపే నడుస్తోంది. అది ప్రాసెసరు పని, డిస్కుకు సంబంధం లేదు. అలాగే ర్యామ్ 4 గిగాబైట్లే ఉంటే, కుదిరితే అది కూడా పెంచండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది. ఆ కాలపు యంత్రాలు చాలావాటికి విండోస్ 11 అధికారికంగా పట్టదు. నేను లినక్స్‌కు మారాను. పేచీ లేదు.

ఎస్.ఎస్.డి.కి తనవైన చాదస్తాలున్నాయి. దానిలో ఒక పేజీ రాయగలం, కాని చెరిపేటప్పుడు మాత్రం దస్తా మొత్తం ఒకేసారి చెరపాలి. పైగా ఒక్కో గదిని ఇన్నిసార్లే చెరపగలం. అందుకని లోపలి కంట్రోలరు రాతల్ని అన్ని గదులకూ సమానంగా పంచుతుంది. పాత డిస్కులకు చేసినట్టు డీఫ్రాగ్ చేస్తే ఉపయోగం లేకపోగా అరుగుదల. నిండా కుక్కకుండా పదిహేను శాతం ఖాళీ ఉంచండి. ఇంకొకటి: హార్డ్ డిస్కు చచ్చేముందు తరచు టకటకమని మూలుగుతుంది. ఎస్.ఎస్.డి. చాలాసార్లు చడీచప్పుడు లేకుండా పోతుంది. కరెంటు లేకుండా ఏళ్లతరబడి అలమరాలో పడేస్తే ఎలక్ట్రాన్లు మెల్లగా కారిపోతాయి కూడా. అందుచేత దాచుకునేవాటికి పాత తిరిగే డిస్కే, ఒక యు.ఎస్.బి. పెట్టెలో పెట్టుకుని వాడటం మేలు.

ఇక ఆ ఒకదాని సంగతి.

తెలుగు శాఖలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి, "అన్నయ్యా, నాది కూడా కాస్త బాగుచేసి పెట్టరా" అని ల్యాప్‌టాప్ తెచ్చింది. ఊరూరా తిరిగి దంపుళ్ల పాటలు, తిరుగలి పాటలు రికార్డు చేసుకున్న పిల్ల. "ఇంకెక్కడైనా కాపీ ఉందా అమ్మా?" అని అడగాలి. అడగలేదు. అది నా నాలుగో యంత్రం, చెయ్యి తిరిగిందని పొగరు. ఈసారి క్లోనెజిల్లా అడిగే ప్రశ్నలన్నీ ఎందుకని లినక్స్‌లో డి.డి. అనే ఒకే వరుస ఆజ్ఞ వాడాను. అది ఏదీ అడగదు. ఇక్కడనుంచి అక్కడికి అంటే అక్షరాలా అంతే చేస్తుంది. డిస్కులకు లినక్స్ పెట్టే పేర్లు అది కనుగొన్న వరుసనుబట్టి మారుతుంటాయి. లోపలిది మొదటిదే అయి ఉంటుందనుకుని కొట్టాను. అది రెండోది. ఖాళీ ఎస్.ఎస్.డి.లోని సున్నాలు ఆమె డిస్కు మీదికి ప్రవహించడం మొదలైంది.

పాత డిస్కు దీపం ఆగకుండా వెలుగుతుంటే అనుమానం వచ్చి ఆపేసరికి మూడు నిముషాలు. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 18 గిగాబైట్లు తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ రాత్రి నిద్రలేదు. డిస్కు మీద ఇంకేమీ రాయకుండా వేరే యంత్రానికి తగిలించి టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాముతో వెదికించాను. సి డ్రైవు మొదట ఉంటుంది, డి డ్రైవు దాని తరువాత. కనుక డి డ్రైవు చెక్కుచెదరలేదు, అందులోని పాటలన్నీ పేర్లతో సహా దొరికాయి. సి డ్రైవులో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి 41. వాటి పేర్లుండే పట్టిక సరిగ్గా ఆ 18 గిగాబైట్లలోనే పోయింది. ఫోటోరెక్ అనే మరో ప్రోగ్రాము ఫైలు లోపలి ఆకారాన్నిబట్టి 34 పాటల్ని తవ్వితీసింది, పేర్లు లేకుండా, ఉత్త అంకెలతో. ఆమె వాటినన్నిటినీ మొదటినుంచి విని, ఏ ఊరిదో, పాడిందెవరో ఒక్కొక్కటే గుర్తుపట్టి రాసుకుంది. మూడు వారాలు పట్టింది. నన్నొక్క మాటైనా అనలేదు. దొరకని ఏడింటిలో నాలుగు మళ్లీ ఆ ఊళ్లు వెళ్లి పాడించుకొచ్చింది. మిగిలిన మూడూ పాడిన ముసలమ్మ అప్పటికి లేదు.

ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్ వచ్చినా డి.డి. జోలికి పోను. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, రెండు డిస్కుల మోడల్ నంబర్లూ సీరియల్ నంబర్లూ తెరమీద గట్టిగా చదివించి, ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికో వాళ్ల నోట చెప్పించాకే ఎంటర్ కొడతాను. అంతకుముందే వాళ్ల ఫైళ్లు మరొక డిస్కులోకి కాపీ అయి ఉండాలి, అందులో నాలుగైదు తెరిచి నాకు చూపించాలి. పోయిన నెల ఒక బి.కామ్. కుర్రవాడు "ఏం పరవాలేదన్నా, నాదాంట్లో సినిమాలు తప్ప ఏమీ లేవు" అన్నాడు. వాణ్ణి కూడా వెనక్కి పంపాను. మర్నాడు కాపీ చేసుకుని వచ్చాడు. వాళ్ల చెల్లెలి పెళ్లి ఫోటోలు అందులోనే ఉన్నాయట.