ప్రయాణంలోనూ ఆగకూడని వ్యాయామం

వేసవి సెలవులు రాగానే మన ఇళ్లలో ప్రయాణాల సందడి మొదలవుతుంది. పిల్లలతో అరకుకో ఊటీకో వెళ్లేవారు కొందరైతే, దూరపు ఊళ్లలో బంధువుల పెళ్లిళ్లకు వెళ్లేవారు మరికొందరు. బట్టలతో పాటు బీపీ, షుగరు మాత్రలను జాగ్రత్తగా సర్దుకుంటాం. ఫిజియోథెరపిస్టు రాసిచ్చిన వ్యాయామాల కాగితం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. "పది రోజులే కదా, తిరిగొచ్చాక చేసుకోవచ్చు" అనుకుంటాం.

ఆ పది రోజులు చిన్నవి కావు. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన తొలి నెలల్లో కీలు చుట్టూ మచ్చ కణజాలం ఏర్పడుతూ ఉంటుంది. రోజూ వంచుతూ, చాపుతూ ఉంటేనే కీలు వదులుగా ఉంటుంది. మానేస్తే బిగుసుకుంటుంది. భుజం పట్టేసినవారికీ ఇదే ఇబ్బంది. వయసు పైబడినవారిలో తొడ కండరాలు త్వరగా బలం కోల్పోతాయి. పోయిన బలం తిరిగి రావడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

నడిస్తే చాలదా?

"ఊరంతా తిరుగుతున్నాం, అదే వ్యాయామం" అని చాలామంది అంటారు. నడక మంచిదే. అయితే చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలు సుమారు 60, 70 డిగ్రీలు మాత్రమే వంగుతుంది. మెట్లు ఎక్కడానికి, కుర్చీలోంచి సులువుగా లేవడానికి 90 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి. ఆ వంపు కేవలం నడకతో రాదు. పైగా మొదటి రోజే గంటల తరబడి తిరిగితే మోకాలు వాచి, మిగిలిన రోజులు గదిలోనే గడపాల్సి వస్తుంది.

బయలుదేరే ముందు

వారం ముందే మీ ఫిజియోథెరపిస్టుతో మాట్లాడి, ఉన్న వ్యాయామాల్లో తప్పనిసరైనవి మూడో నాలుగో గుర్తు పెట్టించుకోండి. కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి. ఆపరేషన్ అయి ఎక్కువ కాలం కాకపోతే, దూర ప్రయాణం చేయవచ్చో లేదో సర్జన్‌ను అడగండి. రైలులో 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన స్త్రీలకు లోయర్ బెర్త్ కోటా ఉంది. విమానమైతే వీల్‌చైర్ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి.

బండిలో

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకని గంటకోసారి పాదాలను 20 సార్లు కిందికి, పైకి వంచండి. మోకాలు చాపి 5 అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వీలైనంత వెనక్కి మడవండి. రైలు స్టేషన్‌లో ఆగినప్పుడు బెర్త్ పట్టుకుని లేచి నిలబడండి. కారులో అయితే రెండు గంటలకోసారి ఆపించండి. మంచినీళ్లు తగ్గించవద్దు.

బస చేసిన చోట

పరికరాలేమీ అక్కరలేదు.

1. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, తొడ బిగించి దాన్ని నొక్కండి. 5 లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు.
2. మంచం మీద పడుకుని మడమను పిరుదుల వైపు జరుపుతూ మోకాలు వంచండి. మడమ కింద ప్లాస్టిక్ కవరు పెడితే సులువుగా జారుతుంది.
3. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి 10 సార్లు లేచి కూర్చోండి.
4. భుజం నొప్పి ఉన్నవారు గోడ మీద వేళ్లను మెల్లగా పైకి పాకించండి.

వీటిని "వీలున్నప్పుడు" అనుకుంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. ఫజర్ తర్వాత ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి అని ముడిపెట్టుకోండి. పూటకు పది నిమిషాలు చాలు. విందుల్లో దస్తర్‌ఖాన్ ముందు నేల మీద కూర్చోమని బంధువులు ప్రేమగా అడుగుతారు. మొహమాటపడకుండా కుర్చీ అడగండి. ఇంటి పిల్లలు కూడా "నానీ, కాలు వ్యాయామం అయిందా?" అని గుర్తుచేస్తూ ఉంటే పెద్దలకు ఎంతో సాయం.

ఎంత నొప్పి మామూలు?

వ్యాయామం తర్వాత కాస్త సలిపి, గంటా రెండు గంటల్లో తగ్గితే భయం లేదు. మర్నాటికీ నొప్పి, వాపు ఉంటే సంఖ్యను సగానికి తగ్గించండి. ఐసు ముక్కలను కవరులో వేసి, తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, ఆపరేషన్ గాయం ఎర్రబడినా కారినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరును కలవండి. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఒకటి రెండు పూటలు తప్పిపోతే నిరాశపడి పూర్తిగా వదిలేయవద్దు. తప్పినవన్నీ ఒకేసారి చేసి కాలును అలసిపోనివ్వవద్దు. తర్వాతి పూట నుంచి మామూలుగా కొనసాగించండి. ఆపరేషన్‌కు పెట్టిన ఖర్చు, పడిన నొప్పి, ఇంటిల్లిపాదీ చేసిన సేవ ఫలించేది ఈ పది నిమిషాలతోనే.