కొండదారిలో మందలు, మైదానములో మంటలు



గత వైశాఖమాసమున మేము నలుగురము ఒక జీపుబండిలో కరీంనగరమునుండి బయలుదేరి, జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారము, ఉట్నూరు మీదుగా ఆదిలాబాదు కొండలలో మూడు దినములు సంచరించి, నిర్మలు, ఖానాపురము, కడెము దారిని మరలి వచ్చితిమి. ప్రత్తి, మక్క చేలలో గుంటుక తోలుటకు మంచి ఎడ్లు కొనవలెనని కొందరు సభ్యులు కోరినందున ఈ ప్రయాణము సంభవించినది. ఎడ్లు దొరకలేదు. ఏల దొరకలేదో మాత్రము తెలిసినది. ఆ సంగతినే ఇచ్చట విన్నవించుచున్నాము.

జగిత్యాల దాటువరకు దారికి ఇరుప్రక్కల యాసంగి వరి కోసిన మళ్ళే. కోతయంత్రము విడిచిన గడ్డికి నిప్పు పెట్టుటచే పొగ దట్టముగా క్రమ్మి, పట్టపగలు బండిదీపములు వెలిగించుకొనవలసి వచ్చినది. రాయపట్నము వంతెనమీద గోదావరిని దాటితిమి. వేసవి యగుటచే నదిలో నీటికన్న ఇసుకయు రాళ్ళును ఎక్కువగా కనబడుచుండెను. లక్సెట్టిపేట, జన్నారము గడచిన పిదప టేకుటడవి ప్రారంభమగును. ఆకులు రాలిపోయి, కొమ్మలు మాత్రము నిలిచియుండెను. ఇది కవ్వాల అభయారణ్యము. 2012లో దీనిని పెద్దపులుల రక్షితప్రదేశముగా నిర్ణయించిరి.

ఈ కొండలలో గోండు గూడెములును, లంబాడీ తండాలును కలవు. లంబాడీలు పూర్వము వేలకొలది ఎడ్లమీద ఉప్పును, ధాన్యమును మోసి, సైన్యములకు సయితము ఆహారము చేరవేసినవారు. రైలుబండియు, బండ్లబాటలును వచ్చిన పిమ్మట ఆ వర్తకము నశించి, వారు పశుపోషణకును సేద్యమునకును దిగిరి. గోండులకు ఎడ్లు ఇంటిబిడ్డలవంటివి. పొలాల అమావాస్యనాడు వారు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరేగించి పూజింతురు.

ఉట్నూరు చేరకమునుపు ఒక గూడెమున ఆగితిమి. దొడ్డిలో ఇరువది పశువులకు పైగా పట్టు చోటుండెను. కట్టియున్నవి ఆరు మాత్రమే. డొక్కలు ఎండి, ఎముకలు లెక్కింపదగియున్నవి. ఊరి పెద్ద మమ్ము చెట్టునీడను కూర్చుండబెట్టి, నీళ్ళిచ్చి, మేము వచ్చిన పని విని నవ్వెను. "ఎడ్లు కొనవచ్చినారా సారూ! ముందుగాల గడ్డి తెండి. ఆ తరువాత ఎడ్లనడుగుండ్రి" అనెను.

అతడు చెప్పినదాని సారాంశ మిది. వానలు వచ్చిన తరువాత నాలుగైదు మాసములు మేతకు కొరత లేదు. మాఘము గడచినది మొదలు అడవిలో గడ్డి యుండదు. అడవి లోభాగమునకు పశువులను పోనీయరు. పోయినచో పులి భయము. వేసవి చివరకు బలము లేని పశువులు పడిపోవును. కావున చాలమంది ఫాల్గుణమునందే సంతకు తోలి వచ్చిన ధరకు అమ్ముకొనుచున్నారు. దుక్కికి వలసిన కోడెలు ఈ విధముగా దుక్కిని చూడకయే పోవుచున్నవి.

మేతకై ఈ కొండలలో కలిగిన కష్టము నేటిది కాదు. నిజాము కాలమున అడవులను ప్రభుత్వము వశపరచుకొని, పోడును నిషేధించి, పశువుల మేతకు పన్ను విధించుటయే గోండుల ఆగ్రహమునకు ముఖ్యకారణములలో ఒకటి. కొమరము భీము 1940లో జోడేఘాటువద్ద ప్రాణము లర్పించినది నీటికొరకు, అడవికొరకు, భూమికొరకు. పిమ్మట హైమండార్ఫు పండితుడు ఈ గూడెములలో నివసించి వారి స్థితిని ప్రభుత్వమునకు తెలియజేసెను.

ప్రపంచమున ఇతరచోట్ల పశువులకు స్థలమెంతయో చూడుడు. ఆస్ట్రేలియాలోని అన్నాక్రీకు అను ఒక్క పశుక్షేత్రమే దాదాపు మన పూర్వపు ఆదిలాబాదు జిల్లా యంత విశాలమైనది. ఆ ఖండపు ఉత్తరభాగమున ఎండకు ఓర్చుకొను పశువులు కావలసి, 1933లో అమెరికానుండి మూపురముగల బ్రాహ్మణ జాతిని తెచ్చుకొనిరి. ఆ జాతిలో మన ఒంగోలు రక్తమును కలదు. మన కంత భూమి లేదు. అయినను వారికి లేనిదొకటి మనకు కలదు: మందకు ఒక దినపు ప్రయాణములోనే వరిగడ్డి రాసులు.

ఇంద్రవెల్లి, గుడిహత్నూరుల మీదుగా నేరేడుగొండ చేరి, కుంటాల జలపాతము చూచితిమి. కడెమువాగు సుమారు 150 అడుగుల ఎత్తునుండి మెట్లుమెట్లుగా నల్లరాళ్ళ లోయలోనికి దిగును. వేసవిలో సన్నని ధారయే మిగిలినది. మహబూబు ఘాటు వంకరదారిని నిర్మలుకు దిగి, తూర్పునకు మరలగా, ఆ వాగే కడెము ప్రాజెక్టుగా మాకు మరల కనబడినది. 1958 వరదలో ఈ కట్ట తెగినది. 2022 జూలైలో నీరు గేట్లమీదుగా పొర్లినది. కొండమీద గడ్డివేళ్ళు నశించినచో వాననీరు నిలువక, మట్టిని వెంటగొని, ఇట్లే ఒక్కసారిగా దిగివచ్చును. కావున కొండను మేతనుండి కొంత కాపాడుటయు మన మేలుకే. అందులకు మేత వేరొకచోటినుండి రావలెను.

మన లెక్క చూతము. వరి యెకరమునకు ధాన్యమెంతయో గడ్డియు సుమారంతయే, అనగా 20 క్వింటాళ్ళు. యంత్రము సగమే మోపులు కట్టినను 10 క్వింటాళ్ళు వచ్చును. జత ఎడ్లకు దినమునకు 15 కిలోల చొప్పున ఇది రెండు నెలలకు చాలును. చైత్ర వైశాఖములు గడచినవన్నమాట! దీనిని కాల్చినచో టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని గాలిలో కలియును. నేలపై పొరలోని సూక్ష్మజీవులును చచ్చును. పూర్వమొకప్పుడు, తొందరపడు రైతులతో "కాల్చిన సులువు" అని మేమే చెప్పియుంటిమి. అది మా తప్పు.

వట్టి గడ్డిలో సారము తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరపొరకు సమముగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ తాడిపత్రితో కప్పి 21 దినములు ఉంచవలెను. తీసిన పిదప కొంతసేపు ఆరబెట్టి, మొదట కొద్దికొద్దిగా పెట్టవలెను. ఆరుమాసములు నిండని దూడలకు పెట్టరాదు. యూరియా నీటిని పశువు త్రాగినచో ప్రాణాపాయము. ఆ కడవలను దూరముగా ఉంచుడు.

రాబోవు సమావేశమున మేము చేయు ప్రతిపాదన యిది. సంఘము గడ్డిమోపులు కట్టు యంత్రమును కిరాయికి తెచ్చి, సభ్యుల గడ్డిని కొని నిలువచేయవలెను. మాఘమునందు లారీలలో గూడెములకు, తండాలకు అరువుగా పంపి, బదులుగా దుక్కికి వచ్చిన కోడెలను న్యాయమైన ధరకు ముందుగా మన సంఘమునకే అమ్మునట్లు ఒడంబడిక చేసికొనవలెను. 1956లో ముల్కనూరు రైతులు సంఘము పెట్టినపుడును ఒక్కొక్కని చేత కానిది పదుగురు కూడిన ఔనను నమ్మకమే వారి మూలధనము.

ఆ ఊరి పెద్ద సెలవిచ్చునపుడు తన ఆరు పశువులను చూపి, "మీరు మళ్ళ వచ్చేనాటికి ఎన్నుంటయో" అనెను. ఆ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి. ఈ యాసంగి కోతలయందు అగ్గిపుల్ల గీయకమునుపు ప్రతి సభ్యుడును ఆ మాటను ఒకసారి తలచుకొనునుగాక!