ఏ డ్యాక్ బాగుంది? ముందు వోల్టులు సరిచూడండి

ఇళ్లలో వాడే చాలా డ్యాక్‌లు (డిజిటల్ పాటలోని అంకెల్ని విద్యుత్తుగా మార్చే పరికరాలు) గరిష్ఠ శబ్దం దగ్గర 2 వోల్టులు ఇస్తాయి. సీడీ ప్లేయర్ల కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ అది. కొన్ని మాత్రం రెండుంపావు ఇస్తాయి. ఈ పావు వోల్టు తేడా డెసిబెల్ లెక్కలో సుమారు 1. వినేవాళ్లకు అది శబ్దం పెరిగినట్టు తెలియదు. గొంతు ముందుకొచ్చినట్టు, మృదంగం నిండుగా మోగుతున్నట్టు, తంబురా శ్రుతి విడిగా వినిపిస్తున్నట్టు అనిపిస్తుంది. దుకాణంలో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి వినిపించినప్పుడు మనం మెచ్చుకునేది చాలాసార్లు ఈ పావు వోల్టునే. డబ్బు మాత్రం పెట్టెకు చెల్లిస్తాం.

దీనికి కారణం చెవిలోనే ఉంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో ప్రచురించిన వక్రరేఖలు ఈ సంగతిని స్పష్టంగా చూపించాయి. చెవి అన్ని స్వరస్థాయుల్నీ ఒకేలా వినదు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మంద్రం బాగా తగ్గి వినిపిస్తుంది. వాల్యూమ్ పెంచుతున్నకొద్దీ మంద్రం మిగతా వాటికంటే వేగంగా పుంజుకుంటుంది. అందుకే కాస్త పెరిగిన శబ్దం ‘పెద్దది’గా కాక ‘మేలైనది’గా తోస్తుంది. రెండు డ్యాక్‌లను న్యాయంగా పోల్చాలంటే మొట్టమొదట చేయాల్సింది శబ్దాల్ని సమం చేయడం. అదీ చెవితో కాదు, మీటరుతో.

అసలు డ్యాక్ చేసే పని అంకెల్ని విద్యుత్తుగా మార్చడం. మీ ఫోనులో ఒకటుంది, టీవీలో ఒకటుంది, సెట్‌టాప్ బాక్సులో ఒకటుంది. 1982లో సీడీ మార్కెట్లోకి వచ్చేనాటికి సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కుదుర్చుకున్న ప్రమాణం ప్రకారం ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 అంకెలు. ఒక్కో అంకె 65,536 స్థాయుల్లో ఏదో ఒకటి. ఈ స్థాయుల మాట వినగానే డ్యాక్ నుంచి మెట్లుమెట్లుగా ఉన్న తరంగం వస్తుందని చాలామంది ఊహించుకుంటారు. పటాల్లో అలాగే గీస్తారు కూడా. డ్యాక్ లోపలి ఫిల్టర్ ఆ మెట్లను పూర్తిగా తీసేస్తుంది. 22 కిలోహెర్ట్జ్ లోపు ఉన్న శబ్దమంతా ఆ అంకెల్లోనే సంపూర్ణంగా ఇమిడి ఉంటుందనీ, మధ్యలో ఏదీ జారిపోదనీ క్లాడ్ షానన్ 1949లో గణితంతో నిరూపించాడు. మనిషి చెవి పట్టగలిగేది 20 కిలోహెర్ట్జ్ వరకే, అదీ చిన్న వయసులో.

అంటే పని సరిగా చేసే రెండు డ్యాక్‌ల మధ్య తేడాకు మిగిలే చోటు చాలా తక్కువ. సరిగా చేయనివీ ఉన్నాయి. ఫిల్టర్ లేకుండా, శాంపిళ్లను పెంచకుండా ఉన్నవి ఉన్నట్టే పలికించే డ్యాక్‌లను కొందరు ప్రత్యేకంగా కోరి కొంటారు. వాటిలో సీడీ పాట పెడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం ముప్పావు డెసిబెల్, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్‌కు పైగా పడిపోతుంది. ఇది వినిపించే తేడా. తాళాల మెరుపు కాస్త తగ్గి, పాట ‘మెత్తగా’ ఉన్నట్టు తోస్తుంది. అలా వినడం ఇష్టమైతే తప్పేమీ లేదు. ఆ మెత్తదనం ఎక్కడి నుంచి వస్తోందో తెలిసి కొనుక్కోవాలని మాత్రం అంటాను.

ఇక వినే గది సంగతి. ఉదాహరణకు టాటీబంధ్ తీసుకోండి, అది రాయ్‌పూర్‌కు పడమటి అంచు. భిలాయ్ వైపు వెళ్లే జీఈ రోడ్డు, ఎయిమ్స్ ఆసుపత్రి, వేళాపాళా లేని లారీలు. ఇలాంటి రోడ్డుకు దగ్గరున్న గదిలో కిటికీలు మూసినా 40 డెసిబెల్స్ శబ్దం ఉండటం మామూలే. వేసవిలో కూలర్ పెడితే అంతకంటే చాలా ఎక్కువ. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మీరు పాటను బాగా పెద్దగా, అంటే కూర్చున్నచోట గరిష్ఠంగా 100 డెసిబెల్స్ తాకేలా పెట్టారనుకోండి. సీడీ ప్రమాణంలోని సొంత రొద గరిష్ఠ శబ్దానికి 93 నుంచి 96 డెసిబెల్స్ కింద ఉంటుంది. అంటే అది మీ గదిలో 4 నుంచి 7 డెసిబెల్స్ దగ్గర ఉన్నట్టు. గది శబ్దానికి 30 డెసిబెల్స్ కన్నా లోతున. డ్యాక్ ప్రకటనల్లో 120, 125 అంటూ రాసే అంకెలు దానికీ ఇంకా అడుగున ఉంటాయి. అవి నిజమైన కొలతలే, మంచి ఇంజినీరింగ్‌కు ఆనవాళ్లే. కానీ ఆ గదిలో, ఆ స్పీకర్లతో వాటిని వినడం ఎవరికీ సాధ్యం కాదు. ఇయర్‌ఫోన్ల సంగతి వేరు. చెవిలో దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లు బయటి శబ్దాన్ని అడ్డుకుంటాయి, కొద్దిపాటి విద్యుత్తుకే గట్టిగా మోగుతాయి. వాటితో వింటే నాసిరకం డాంగిల్‌లోని సన్నని బుస నిజంగానే వినిపించవచ్చు.

ఇంతకంటే పెద్ద తేడా, ఊరికే డ్యాక్ పద్దులో పడిపోయేది, కరెంటు తీగల్లో ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లకు మూడు పిన్నుల చార్జర్ ఉంటుంది. యాంప్లిఫయర్‌కూ ఎర్త్ పిన్ ఉంటే, ఈ రెండూ వేర్వేరు సాకెట్లలో ఉంటే, యూఎస్‌బీ తీగ వాటిని కలపగానే ఎర్త్ దారిలో ఒక వలయం ఏర్పడుతుంది. దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. అందులో తిరిగే చిన్న కరెంటు స్పీకర్లలో ఎడతెగని గుయ్‌మనే మోతగా వినిపిస్తుంది. మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి 50, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్ దగ్గర ఆ మోత ఉంటుంది. ఒక పాత డ్యాక్‌ను యూఎస్‌బీతో, కొత్తదాన్ని ఆప్టికల్ తీగతో కలిపి విన్నవారు కొత్తది ‘నల్లని నిశ్శబ్దం’లోంచి పలుకుతోందంటారు. వారు విన్నది నిజమే. దానికి కారణం కొత్త చిప్ కాదు. ఆప్టికల్ తీగలో వెళ్లేది వెలుతురు కాబట్టి ఎర్త్ వలయం అక్కడ తెగిపోయింది. అనుమానం ఉంటే చార్జర్ పీకేసి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. మోత ఆగితే దొంగ దొరికినట్టే. ఇది తెలిశాక ఎర్త్ పిన్ విరిచేద్దామన్న ఆలోచన మాత్రం ఎవరూ చేయవద్దు. అది ప్రాణాన్ని కాపాడే తీగ. ఆప్టికల్ తీగ వాడండి, లేదా అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలపండి.

ఇక పోటీ ఎలా పెట్టాలి? మూలం ఒకటే ఉండాలి. ఒకదానికి బ్లూటూత్, మరోదానికి తీగ అంటే అది డ్యాక్‌ల పోలిక కాదు. ఫోను యాప్‌లోని ఈక్వలైజర్, శబ్దాన్ని సమం చేసే సదుపాయం అన్నీ ఆపేయాలి. డిజిటల్ సిగ్నల్‌ను రెండు పాయలు చేసి రెండు డ్యాక్‌లకూ ఎడతెగకుండా అందించి, వాటి బయటి తీగల్ని మామూలు ఆర్‌సీఏ సెలెక్టర్ స్విచ్చు ద్వారా యాంప్లిఫయర్‌కు ఇవ్వడం మేలు. డ్యాక్‌కు సిగ్నల్ ఆపి మళ్లీ ఇస్తే కొన్ని ‘టిక్’మంటాయి, కొన్ని అరక్షణం మూగబోతాయి. ఆ చప్పుడుతోనే ఏది ఏదో తెలిసిపోతుంది. మారడానికి పట్టే సమయం కూడా ముఖ్యమే. శబ్దాల సూక్ష్మ తేడాను మన జ్ఞాపకం కొన్ని సెకన్ల కంటే ఎక్కువ పట్టి ఉంచదు. తీగలు పీకి, గుచ్చి, ఐదు నిమిషాల తర్వాత పాట పెట్టి చెప్పే తీర్పును లెక్కలోకి తీసుకోలేం.

వోల్టుల సమీకరణకు ఎలక్ట్రీషియన్ దగ్గరుండే మల్టీమీటర్ చాలు. చవక మీటర్లలో చాలావరకు ఏసీ వోల్టులను 400 హెర్ట్జ్ వరకే సరిగా కొలుస్తాయి. కాబట్టి అందరూ చెప్పే 1,000 హెర్ట్జ్ స్వరం బదులు 200 హెర్ట్జ్ స్వరాన్ని మోగించి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఎడమ, కుడి రెండూ కొలవండి. మీటరు చూపించే వోల్టు నూటికి నూరుపాళ్లు నిజమా కాదా అన్నది ఇక్కడ పట్టింపు లేదు. రెండు డ్యాక్‌లకూ ఒకే అంకె రావాలి. పదో వంతు డెసిబెల్ లోపు అంటే వోల్టుల్లో నూటికి ఒకటి దాకా తేడా. ఎక్కువ శబ్దం ఇచ్చేదాన్ని దాని సొంత వాల్యూమ్‌తో తగ్గించుకోవచ్చు.

ఏం వినిపించాలి? రాయ్‌పూర్ వైపున్న తెలుగువారికైతే బాగా తెలిసిన గొంతు ఒకటుంది. విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ తర్వాత భిలాయ్ ఉక్కు కర్మాగారం వచ్చింది. అలా ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో ఘంటసాల గొంతుకున్న చోటు వేరే చెప్పనక్కర్లేదు. ఆయన 1974లో కన్నుమూశారు. ఆయన రికార్డులన్నీ అనలాగ్ కాలానివి. ఆ రికార్డింగుల సొంత బుస సీడీ రొద కంటే చాలా ఎక్కువ. కాబట్టి అవి డ్యాక్‌ల నిశ్శబ్దాన్ని పరీక్షించలేవు. స్వరస్థాయుల సమతౌల్యం మారితే మాత్రం, ఏళ్ల తరబడి విన్న గొంతు కాబట్టి, ఇట్టే పట్టుకోవచ్చు. అన్నింటికంటే కఠినమైన పరీక్ష పింక్ నాయిస్ అనే ఏకధాటి హోరు. సంగీతం దాచేసే చిన్న వంపుల్ని కూడా అది బయటపెడుతుంది. వినడానికి బాగుండదు, కానీ ఒక్క నిమిషం భరించండి.

ఇక కళ్లకు గంతలు. నిజంగా గంతలు అక్కర్లేదు, ఏది మోగుతోందో వినేవారికి తెలియకపోతే చాలు. ఇంట్లో ఒకరు వెనక కూర్చుని నాణెం ఎగరేసి, బొమ్మయితే ఒకటి, బొరుసయితే మరొకటి పెట్టి కాగితం మీద రాసుకోవాలి. వారి ముఖం కనిపించకూడదు, మాట వినిపించకూడదు. ఈ పద్ధతికి వంశవృక్షం ఉంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంది. సహోద్యోగి రొనాల్డ్ ఫిషర్ మొదట నమ్మకపోయినా, ఆ మాటను అక్కడే పరీక్షకు పెట్టారు. 1935లో రాసిన పుస్తకంలో ఫిషర్ అలాంటి పరీక్షకు లెక్క కట్టాడు. 8 కప్పులు, అందులో 4 పాలు ముందు పోసినవి. ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70కి 1. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు ఇదే ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ పొందారు. సంఖ్యాశాస్త్రాన్ని మలిచిన కొద్దిమందిలో ఒకరై, 2023లో నూట రెండేళ్లు నిండిన వయసులో కన్నుమూశారు. ఒక మనిషి ‘నాకు తెలుస్తోంది’ అన్నప్పుడు ఆ మాటను గౌరవిస్తూనే పరీక్షించే మర్యాదను ఈ గురుశిష్యుల శాస్త్రమే మనకిచ్చింది.

డ్యాక్‌ల విషయంలో 16 సార్లు వినండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెబితే, అది గుడ్డి ఊహతో జరిగే అవకాశం నూటికి 4 కంటే తక్కువ. 9 వస్తే ఏమీ తేలనట్టే. ఏమీ తేలకపోవడం ‘తేడా లేదు’ అనడానికి రుజువు కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ గదిలో, ఆ పాటతో, ఆ చెవికి అందలేదు, అంతే. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అధిక నాణ్యత రికార్డింగులనూ, వాటినే సీడీ ప్రమాణానికి కుదించి వినిపించినప్పటి శబ్దాన్నీ జనంతో పోల్పించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, నాణెం ఎగరేసినట్టే. 2016లో జాషువా రీస్ ఇలాంటి పాత పరీక్షలను కలిపి లెక్కగడితే సరైన జవాబులు నూటికి 52.3 వచ్చాయి. శిక్షణ పొందినవారికి ఇంకాస్త ఎక్కువ. చాలా చిన్న తేడా, కానీ సున్నా కాదు. ‘అంతా భ్రమ’ అని కొట్టేసేవారికీ, ‘రాత్రికీ పగలుకీ ఉన్నంత తేడా’ అనేవారికీ ఈ అంకె సమానంగా ఇబ్బంది కలిగిస్తుంది.

16లో 14 వచ్చిందనుకోండి. సంతోషించండి, కానీ ఆగిపోకండి. కారణం వెతకండి. వోల్టులు మళ్లీ కొలవండి, ఈసారి 50, 400 హెర్ట్జ్ దగ్గర కూడా. ఫిల్టర్ సెట్టింగ్ చూడండి. హెడ్‌ఫోన్‌తో విన్నట్టయితే డ్యాక్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్ బయటికిచ్చే చోట ఉండే విద్యుత్ నిరోధం) ఎంతో చూడండి. అది ఎక్కువైతే కొన్ని హెడ్‌ఫోన్ల మంద్రస్వరం నిజంగానే మారుతుంది. కారణం దొరికిన తేడాకు డబ్బు పెట్టడంలో తృప్తి ఉంది.

9 వచ్చిందనుకోండి. కొత్త డ్యాక్‌కు దాచిన డబ్బు చేతిలోనే ఉంది. 12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఊగిసలాడుతుంది. కుర్చీ ఎక్కడుందన్నదాన్ని బట్టి ఆ మంద్రం 10 డెసిబెల్స్ పెరగనూవచ్చు, తగ్గనూవచ్చు. మనం ఇంతసేపు మీటరు పట్టుకుని వెంటాడింది పదో వంతు డెసిబెల్‌ను. స్పీకర్లను గోడకు అడుగు దూరం జరిపి, కుర్చీని ముందుకో వెనక్కో లాగి, లారీల వైపు కిటికీకి మందపాటి పరదా కట్టి అదే పాట మళ్లీ పెట్టండి.