వార్తల్లో పదం: ఇన్సులిన్ నిరోధము

హృద్రోగముతో వైద్యుని కడకేగి, రక్తపరీక్షలో చక్కెర సరిగానే యున్నదని విని ఊరట చెందినవారి దేహమున సైతము, ఆ చక్కెరను హద్దులో నిలుపుటకై క్లోమగ్రంథి మామూలుకంటె నెక్కువగా ఇన్సులిన్‌ను స్రవింపజేయుచు శ్రమించుచుండవచ్చును. కండరములు, కాలేయము, కొవ్వు కణములు ఇన్సులిన్ మాటను చెవిని బెట్టని యీ స్థితియే ఇన్సులిన్ నిరోధము. దీనికిని, రక్తపోటునకును, ట్రైగ్లిజరైడ్ల వృద్ధికిని, మేలుచేయు హెచ్.డి.ఎల్. కొలెస్టరాల్ క్షీణతకును గల బాంధవ్యమును 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ లోకమున కెరుకపరచెను. క్లోమము అలసిన పిదపనే చక్కెర పెరుగును. ధమనులకు చేటు అంతకు ఎన్నో యేండ్ల మునుపే ఆరంభము కావచ్చును.

ఈ విషయమున మన తెలుగు పల్లెలే యొక గొప్ప సాక్ష్యము నొసగినవి. 1987–90 నడుమ హైదరాబాదు చెంతనున్న కొన్ని గ్రామములలో గర్భిణులకు, బాలింతలకు, పసిపిల్లలకు ఒక పథకము క్రింద మొక్కజొన్న, సోయాలతో వండిన ఉప్మా పెట్టిరి. ఆ కాలమున పుట్టిన బిడ్డలను 13 మొదలు 18 యేండ్ల ప్రాయమున పరీక్షింపగా, ఆ పథకమింకను చేరని పొరుగు గ్రామముల పిల్లలకంటె వారియందు ఇన్సులిన్ నిరోధము సుమారు 20 శాతము తక్కువగాను, ధమనుల బిరుసు కొంత తక్కువగాను ఉన్నట్లు తేలి, 2008లో ప్రచురితమయ్యెను. తల్లి విస్తరిలోని పిడికెడు తిండి బిడ్డ గుండెను ఇంతకాలము కాచుట నాకు మహాద్భుతముగా దోచుచున్నది.

సాగరు ఎడమకాలువ నీట వరి పండించు చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ సీమల పెద్దలారా! గుండెజబ్బున్నవారు చక్కెర అంకెనొక్కదానినే నమ్మవలదు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో వైద్యునకు చెప్పుడు, ట్రైగ్లిజరైడ్లను పరీక్షింపజేసికొనుడు, పళ్లెమున తెల్లన్నము తగ్గించి పప్పును, కూరను పెంచుడు, వైద్యుని యనుమతితో నిత్యము నడువుడు.