రుణచరిత్ర నివేదికలో తప్పులు: గుర్తించుట, సరిచేయించుకొనుట

బ్యాంకువారు గృహరుణ దరఖాస్తును తిరస్కరించిన నాడే మనలో పలువురికి తమ పేరిట ఒక రుణచరిత్ర నివేదిక ఉన్నదని తెలియును. ఏనాడూ వాయిదా తప్పని మనిషి ఆ నివేదికలో బకాయిదారుగా కనిపించుట కూడా కలదు. తప్పు తనది కాకపోయినను, దానిని వెదికి పట్టుకొని ఫిర్యాదు చేయు భారము మాత్రము తనపైననే పడును.

ఈ నివేదికలను మన దేశంలో నాలుగు సంస్థలు తయారుచేయుచున్నవి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. వాడుకలో అన్నింటినీ ‘సిబిల్’ అనియే పిలుచుచున్నాము గాని, ఒకదానిలో లేని తప్పు మరొకదానిలో ఉండవచ్చును. రిజర్వు బ్యాంకు ఆదేశము మేరకు ప్రతి సంస్థయు ఏడాదికి ఒకమారు పూర్తి నివేదికను ఉచితముగా ఇవ్వవలెను. ఆయా సంస్థల వెబ్‌సైటులలో దీనిని పొందవచ్చును. తన నివేదికను తాను చూచుకొన్నందువలన స్కోరు తగ్గదు. ఈ అపోహ చేతనే చాలామంది చూడక ఊరుకొనుచున్నారు.

నివేదిక చేతికి రాగానే స్కోరు చూచి పక్కన పెట్టరాదు. అది 300 నుండి 900 వరకు ఉండు ఒక అంకె మాత్రమే. తప్పు దాగి ఉండునది దాని వెనుక పుటలలో. మొదట పేరు, పుట్టిన తేదీ, పాన్ సంఖ్య, చిరునామాలు చూడవలెను. తరతరాలుగా పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ భాగము మరింత ముఖ్యము. మన ఆచారములో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వచ్చును. తమిళనాట పేరుకు ముందున్న పొడి అక్షరమును సాధారణముగా తండ్రి పేరుగా గ్రహింతురు. మహారాష్ట్రలో వ్యక్తి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుస పాటింతురు. ఉదాహరణకు పల్లా వెంకటరమణ అను వ్యక్తి బడి ధ్రువపత్రములో పి. వెంకటరమణగాను, ఒక బ్యాంకులో వెంకటరమణ పల్లాగాను, మరొక చోట నడుమ తండ్రి పేరు చేరి వెంకటరమణ సుబ్బయ్య పల్లాగాను ఉండవచ్చును. వెంకటరమణలు ఏ వీధిలోనైనా ఇద్దరుందురు! ఫలితముగా ఒకరి ఖాతాలు రెండు వేర్వేరు చరిత్రలుగా చీలిపోవచ్చును, లేదా ఇద్దరి ఖాతాలు ఒకే చరిత్రలో కలిసిపోవచ్చును. వివాహానంతరము ఇంటిపేరు మారిన స్త్రీలకు ఈ చిక్కు ఇంకను ఎక్కువ. పది అక్షరాంకెల పాన్ సంఖ్యలో ఒక్కటి తప్పుగా నమోదైనను ఇతరుల అప్పు మన ఖాతాలో చేరవచ్చును. కనుక పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా ఈ మూడింటను పేరు ఒకే తీరుగా ఉండునట్లు ముందుగా సరిచేసికొనుట మేలు.

తరువాత ఖాతాల పట్టిక. మీరు తీసుకొనని అప్పు ఏదైనా ఉన్నదా, తీర్చిన అప్పు ఇంకను నడుచుచున్నట్లు ఉన్నదా, ఏ నెలలో వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైనట్లు వ్రాసినారు అనునవి పరిశీలించవలెను. స్నేహితునికో బంధువుకో హామీ సంతకము చేసిన అప్పు కూడా ఇందులో కనిపించును. అది తప్పు కాదు. ‘క్లోజ్డ్’ అనగా అప్పు పూర్తిగా తీరినది. ‘సెటిల్డ్’ అనగా రావలసిన దానికన్న తక్కువకు బ్యాంకు ఒప్పుకొన్నది. పూర్తిగా చెల్లించిన వారికి ‘సెటిల్డ్’ అని పడినచో అది సరిచేయించవలసిన తప్పే. అప్పు తీరిన నాడు ఇచ్చు ‘నో డ్యూ’ పత్రము ఇక్కడ అక్కరకు వచ్చును. దానిని ఏళ్ల తరబడి భద్రపరచవలెను.

తప్పు కనిపించినప్పుడు అప్పు ఇచ్చిన బ్యాంకుకు గాని, నివేదిక ఇచ్చిన సంస్థకు గాని ఫిర్యాదు చేయవచ్చును. ఇద్దరికీ చేయుటయే మంచిది. బ్యాంకు ధ్రువీకరించనిదే ఆ సంస్థ తనంతట తాను ఏదియు మార్చజాలదు. ఫిర్యాదు సంఖ్యను, తేదీని వ్రాసి ఉంచుకొనవలెను, ఎందుకనగా గడువు ఆ తేదీ నుండియే లెక్కింపబడును. మొత్తము గడువు 30 రోజులు. అందులో 21 రోజుల లోపల బ్యాంకు సరియైన సమాచారమును పంపవలెను. గడువు దాటిన ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారము చెల్లించవలెనను నియమము 2024 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది. 45వ రోజున తప్పు సరిచేసినచో 15 రోజులకు 1,500 రూపాయలు రావలెను. ఆలస్యము బ్యాంకుదైనచో బ్యాంకు, సంస్థదైనచో సంస్థ దీనిని చెల్లించును. స్కోరు లెక్కగట్టు పద్ధతిపై అభ్యంతరములకు మాత్రము ఈ పరిహారము వర్తించదు. దిద్దుబాటును నిరాకరించినచో కారణము తెలుపవలసిన బాధ్యత కూడా వారిపై కలదు.

ఫిర్యాదుకు రుసుము లేదు. స్కోరు పెంచెదమని డబ్బు అడుగు దళారులకు పాన్ సంఖ్యనో ఓటీపీనో చెప్పినవారు కొత్త చిక్కును కొనితెచ్చుకొన్నట్లే. నిజముగా ఆలస్యమైన వాయిదాను ఎవరును చెరిపివేయజాలరు.

30 రోజులలో బదులు రాకపోయినను, వచ్చిన బదులు తృప్తికరముగా లేకపోయినను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. రుణ సమాచార సంస్థలు కూడా 2022 సెప్టెంబరు నుండి ఆ పరిధిలోనికి వచ్చినవి. ఫిర్యాదును సీఎంఎస్ పోర్టలులో నమోదు చేయవచ్చును, లేదా చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రమునకు ఉత్తరము ద్వారా పంపవచ్చును. ఉత్తరము తెలుగులోనే వ్రాయవచ్చును. సందేహములకు 14448 అను ఉచిత సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులో మాట్లాడు సౌకర్యము కలదు. ఉత్తరముతోబాటు మొదటి ఫిర్యాదు ప్రతిని, బ్యాంకు బదులును, తప్పున్న పుట నకలును జతపరచవలెను.