రక్తంలో చక్కెర నిలకడ

పరగడుపున పెద్దవారి రక్తం మొత్తంలో ఉండే గ్లూకోజు 5 గ్రాములకు మించదు. 100 గ్రాముల బియ్యం వండుకు తింటే అరిగాక వచ్చేది 75 గ్రాముల పైమాటే. అయినా ఆరోగ్యవంతుల్లో రెండు గంటల తర్వాత డెసిలీటరు రక్తంలో 140 మిల్లీగ్రాముల లోపే కనిపిస్తుంది. పరగడుపున అయితే 70కీ 100కీ మధ్య ఉంటుంది.

గ్లూకోజు పెరగగానే క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను వదులుతాయి. అన్నం పేగుల్లోకి దిగుతుండగానే అక్కడ ఊరే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు క్లోమాన్ని ముందే హెచ్చరిస్తాయి. అందుకే నరంలోకి ఎక్కించిన గ్లూకోజు కంటే నోటితో తీసుకున్నదానికే ఇన్సులిన్ ఎక్కువ ఊరుతుంది. ఇన్సులిన్ అందితే కండరాలూ కొవ్వుకణాలూ గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి, కాలేయం దాన్ని గ్లైకోజెన్‌గా దాస్తుంది.

రాత్రికి వ్యవహారం తిరగబడుతుంది. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి, నిద్రలోనూ ఆ ఖర్చు ఆగదు. ఇన్సులిన్ తగ్గి, ఆల్ఫా కణాల నుంచి గ్లూకగాన్ పెరుగుతుంది. కాలేయం తన 100 గ్రాముల నిల్వను కరిగిస్తూ, లాక్టేటు, అమైనో ఆమ్లాల నుంచి కొత్త గ్లూకోజునూ తయారుచేస్తుంది. కండరాల్లో అంతకు మూడు నాలుగు రెట్ల నిల్వ ఉన్నా, దాన్ని గ్లూకోజుగా రక్తంలోకి వదిలే ఎంజైము వాటికి లేదు. ఆ నిల్వ వాటి పనికే.

పనిచేసే కండరానికి ఇంకో వెసులుబాటు ఉంది. గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ కాళ్ల కండరాలు బిగిసి సడలినప్పుడల్లా, గ్లూకోజును మోసుకొచ్చే గ్లూట్-4 ప్రోటీను ఇన్సులిన్ పిలుపు లేకుండానే కణం పైపొరకు చేరుతుంది. కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించని టైప్-2 మధుమేహంలోనూ ఈ దారి చాలావరకు తెరిచే ఉంటుంది. నడవమని వైద్యులు అంతగా పట్టుబట్టడానికి బలమైన కారణాల్లో ఇదొకటి.

గ్లూకోజు ఎంత వస్తోందన్నదే కాదు, ఎంత వేగంగా వస్తోందన్నదీ ముఖ్యమే. గుంటూరు, ప్రకాశం మెట్టల్లో ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర, వరిగ తినేవారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొచ్చాక వరి విస్తరించింది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204, అంటే సాంబమసూరి, విడుదలైంది. బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం రకాల్లో చాలావాటి పిండిపదార్థం త్వరగా అరిగి క్లోమానికి ఒక్కసారే పని పెడుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన మెరుగైన సాంబమసూరి గ్లైసీమిక్ సూచి మాత్రం 51 దగ్గరే ఉంది. 55, అంతకు లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. ఆ వంగడాన్ని తయారుచేసింది ఎండాకు తెగులును తట్టుకోవడానికి, మధుమేహులను ఉద్దేశించి కాదు. పైగా సూచి తగ్గితే నెమ్మదించేది గ్లూకోజు వచ్చే వేగమే కాబట్టి, పళ్లెంలో అన్నం కొలత చూసుకోక తప్పదు.