చంద్రుడి మీద తెల్లవారే గీత

2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి. రాత్రికి చంద్రగ్రహణమని తిరుమలలో మధ్యాహ్నమే గుడి తలుపులు మూశారు. శ్రీకాళహస్తిలో మాత్రం గ్రహణాలకు గుడి మూసే ఆచారం లేదు. ఆ రాత్రి 82 నిమిషాల పాటు భూమి నీడ చంద్రుణ్ని పూర్తిగా కమ్మేసింది. మిద్దె మీద నిలబడి చూసిన పాకాల విద్యార్థి ఒకరు ఉత్తరం రాశారు: "నీడ పడితేనే కదా చంద్రుడు తగ్గేది? అష్టమి నాడు సగం నీడ పడుతుంది కదా, మరి అప్పుడెందుకు గుడి మూయరు?"

ఎంత మంచి ప్రశ్న! జవాబు ఒక్క ముక్కే. అష్టమి నాడు నీడ అక్కడ ఉండదు. శుక్ల అష్టమి సాయంత్రం సూర్యుడు పడమట దిగుతుంటాడు, చంద్రుడు నడినెత్తిన ఉంటాడు. భూమి నీడ సూర్యుడికి ఎదురుగా, తూర్పు దిక్కుకు పోతుంది. రెంటికీ మధ్య పావు ఆకాశం దూరం. పౌర్ణమి నాడు చంద్రుడు ఆ దిక్కుకే వచ్చినా, అతని దారి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి చాలాసార్లు నీడకు పైనుంచో కిందనుంచో తప్పుకుంటాడు.

మరి ఆ సగం ఏమిటి? సూర్యుడు చంద్రుడిలో సగాన్ని ఎప్పుడూ వెలిగిస్తూనే ఉంటాడు. ఆ వెలిగిన సగాన్ని మనం ఏ పక్క నుంచి చూస్తున్నామన్నదే కళ. ఆ కోణాన్ని మన పంచాంగం రోజూ అచ్చువేస్తోంది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. ఎనిమిదో తిథి మధ్యకొచ్చేసరికి 90 డిగ్రీలు, అంటే అర్ధచంద్రుడు. చంద్రుడిది సొంత వెలుగు కాదని ఆర్యభటుడు ఆర్యభటీయంలోనే చెప్పాడు. అంతకు ముందు బాబిలోనియా పూజారి బెరోసస్, చంద్రుడు సగం నిప్పు, సగం చీకటి ఉన్న బంతి అనీ, అది తిరగడం వల్లే కళలనీ నమ్మాడు. సగం వెలుగు, సగం చీకటి అన్నంత వరకూ సరిగ్గానే పట్టాడు. ఆ వెలుగు ఎవరిదో తెలుసుకోలేకపోయాడు.

నాకు ప్రాణమైనది ఆ వెలుగుకూ చీకటికీ మధ్య గీత. పౌర్ణమి దాకా అది చంద్రుడి మీద తెల్లవారే గీత. ఆ గీత దగ్గర నిలబడితే సూర్యుడు అప్పుడే పైకొస్తుంటాడు. పౌర్ణమి దాటాక అదే పొద్దుగూకే గీత. చంద్రుడి నడుం దగ్గర అది గంటకు 15 కిలోమీటర్ల పైచిలుకు జరుగుతుంది, సైకిల్ వేగం. దక్షిణ కొస వైపు, 69 డిగ్రీల అక్షాంశం దగ్గర, ఐదున్నర కిలోమీటర్లే. చకచకా నడిచే మనిషి తెల్లవారుజాముతో పాటు నడవగలడు.

ఆ 69 డిగ్రీల దగ్గరే విక్రమ్ ల్యాండర్ దిగింది. మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి 2023 జులై 14న దాన్ని మోసుకుని బయల్దేరిన చంద్రయాన్-3, దిగడానికి ఆగస్టు 23 సాయంత్రాన్ని ఎంచుకున్నది ఈ గీతను బట్టే. ఆనాడు శ్రావణ శుద్ధ సప్తమి. గీత విక్రమ్ దిగబోయే చోటును దాటి కొద్దిగా ముందుకు పోయింది, అక్కడ పొద్దు ఇంకా వాలుగానే ఉంది. సౌర పలకల మీద బతికే యంత్రానికి అప్పటి నుంచి దాదాపు పద్నాలుగు రోజుల పగలులో చాలా భాగం చేతికొచ్చింది. సెప్టెంబరు 4, బహుళ పంచమి నాటికి పొద్దుగూకే గీత అక్కడికి చేరువైంది, విక్రమ్‌ను నిద్రపుచ్చారు. ఆ రెండు రోజులూ తల ఎత్తి చూసినవాళ్లకు ఆ గీత కళ్లెదుటే ఉంది! తిథి అంటే ముహూర్తానికే అనుకునేవాళ్లకు ఈ సంగతి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

ఈసారి శుక్ల అష్టమి నాడు సాయంత్రం నాలుగున్నరకు ఎండ పడే మిద్దె ఎక్కండి. మదనపల్లె టమాటా ఒకటి చేత్తో పట్టుకుని, చెయ్యి చాచి, ఆకాశంలో చంద్రుడి పక్కనే నిలపండి. ఒక కన్ను మూయండి. టమాటా పడమటి వైపు సగం వెలిగి ఉంటుంది, రెండో సగం నీడలో ఉంటుంది. దాని మీది గీత, పక్కనున్న చంద్రుడి మీది గీత ఒకే వాలులో కనిపిస్తాయి.